పదకొండో ఇంటి తలుపు

మాలకీ టియర్నన్ పూత పూసిన గోడ మీద చెయ్యి వేస్తే గాజు పలక మీద వేసినట్టుంటుందని రాస్‌కామన్ చుట్టుపక్కల మేస్త్రీలు చెప్పుకునేవారు. మీసాలు రాకముందే తండ్రి పక్కన నిలబడి తాపీ పట్టాడు. తండ్రికి మెప్పు తక్కువ, తిట్టు ఎక్కువ. “గోడంటే నీ మొహం కాదురా, వంకరగా ఉన్నా చెల్లిపోవడానికి” అనేవాడు. ఆ తిట్లు తింటూనే మాలకీ పని నేర్చుకున్నాడు. తండ్రి పోయేనాటికి అతని చేతికి తిరుగు లేకుండా పోయింది.

ఐర్లండు అంతటా ఇళ్ళు పుట్టగొడుగుల్లా లేచిన కాలమది. ఊరి బయట, గొర్రెలు మేసే బీడులో ఒక కాంట్రాక్టరు రెండు వరసల ఇళ్ళు మొదలుపెట్టాడు. అన్నింటికీ లోపలి పూత మాలకీదే. పని సగంలో ఉండగానే ఏడో నంబరు ఇల్లు బ్యాంకు అప్పుతో తనే కొనుక్కున్నాడు. అప్పుడు అతని భార్య నొరీన్ నిండు చూలాలు. తడి ఆరని గోడను ఆమెకు చూపించి, పుట్టేవాళ్ళకి ఈ గోడే మొదటి ఆస్తి అన్నాడట. పుట్టేవాళ్ళు గోడ నాకుతారా అని ఆమె నవ్విందట.

పాప పుట్టింది. ఊనా అని పేరు పెట్టారు. ఆమెకు నడక వచ్చేలోపే కాంట్రాక్టరు దివాలా తీసి కనిపించకుండా పోయాడు. వీధికి తారు పడలేదు. దీపస్తంభాలు పాతారు గానీ వాటికి కరెంటు రాలేదు. సగం ఇళ్ళు అమ్ముడే పోలేదు. దిగినవాళ్ళు కూడా పనులు పోయి ఒక్కొక్కరే తట్టాబుట్టా సర్దుకున్నారు. రెండువేల పదో సంవత్సరం వేసవిలో తొమ్మిదో ఇంటివాళ్ళు కెనడా వెళ్ళిపోయారు. ఊనాకు ఆటతోడు వాళ్ళ పిల్లలే. ఇక వీధిలో మిగిలింది టియర్నన్ కుటుంబమూ, మొదటి ఇంట్లో అట్రాక్టా అనే ముసలావిడా. “నన్నిక్కణ్ణించి కదపాలంటే నలుగురు మొయ్యాలి” అనేది ఆవిడ.

మాలకీకి పని లేదు. నొరీన్ ఊళ్ళో వృద్ధుల ఆశ్రమంలో వంట చేసి ఇల్లు నెట్టుకొస్తోంది. అతను రోజూ పొద్దున్నే వీధి చివరిదాకా వెళ్ళి, గాలికి కొట్టుకునే తలుపులు మూసి, పగిలిన కిటికీలకు అట్టలు అడ్డం పెట్టి వచ్చేవాడు. ఎవరూ చెయ్యమనలేదు. ఎవరూ వద్దనలేదు.

ఆ శరదృతువులో ఊనా బడిలో చేరింది. అక్టోబరు చివర్లో పిల్లలందరికీ ఒకటే ధ్యాస, హాలోవీన్. వేషాలు కట్టుకుని ఎవరి వీధిలో వాళ్ళు తలుపులు తట్టి పప్పులూ పళ్ళూ పోగుచేసుకుంటారు. మా వీధే అందరికంటే పొడుగని ఊనా క్లాసులో చెప్పి వచ్చింది.

ఊళ్ళో మా అక్కగారి వీధికి తీసుకెళ్దామంది నొరీన్. మాలకీ ససేమిరా అన్నాడు.

“సొంత వీధి పెట్టుకుని పరాయి వీధిలో అడుక్కోవడమేంటి?”

“సొంత వీధిలో తలుపు తియ్యడానికి ఎవరున్నారు? దయ్యాలా?”

“నేనుంటాను” అన్నాడు మాలకీ.

అలా ఆ ఏర్పాటు జరిగింది. అతను టర్నిప్ దుంపలు తొలిచి దయ్యం మొహాల్లా కళ్ళూ పళ్ళూ చెక్కాడు. తాళాల్లేని మూడిళ్ళు ఎంచుకుని, ఒక్కో కిటికీలో ఒక్కో దుంప పెట్టి లోపల కొవ్వొత్తి నిలబెట్టాడు. తల్లీ కూతురూ ముందువైపునుంచి వస్తుంటే తను పెరటిదారిన ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి వెళ్ళి, రకరకాల వేషాల్లో తలుపులు తియ్యాలి. చాలా నెలల తర్వాత ఆ వారమంతా అతను ఈల వేస్తూ తిరిగాడు.

చీకటి పడగానే ఊనా బయల్దేరింది. నల్లటి చెత్తసంచికి చేతులు పట్టేలా కంతలు కత్తిరించి తొడిగారు, మొహానికి మసి పూశారు. ముందు అట్రాక్టా ఇల్లు. ఆవిడ కళ్ళద్దాలు ఎత్తి చూసి, “ఈ దయ్యాన్ని కన్నదెవరో గానీ ముక్కు తుడవడం మర్చిపోయింది” అని, పిడికెడు అక్రోట్లు సంచిలో పోసింది.

నాలుగో ఇంట్లో గడ్డం ముసలాడు తలుపు తీసి దగ్గుతూ ఆపిల్ పండు ఇచ్చాడు. ఆరో ఇంట్లో తలకు గుడ్డ కట్టుకున్న అవ్వ చాక్లెట్లు ఇచ్చి, గొంతు సన్నం చేసి దీవించింది.

మెట్లు దిగాక ఊనా తల్లి చెయ్యి లాగింది.

“అమ్మా, ఆ అవ్వకి నాన్న బూట్లున్నాయే!”

“ఒకే కొట్లో కొనుంటార్లే.”

ఊనా సరేనంది. చీకట్లో ఆమె నవ్విందో లేదో నొరీన్‌కు తెలియలేదు.

మాలకీ అప్పటికే పదకొండో ఇంట్లో ఉన్నాడు. కాస్త ముందే చేరాడు. కొవ్వొత్తి వెలిగించి, వేషం తగిలించుకుంటూ గోడకు చేరగిలబడ్డాడు. వీపు వెనక ఏదో పొడిలా రాలింది. ఇన్నాళ్ళూ తలుపు బయటినుంచే మూసి పోయేవాడు, మధ్యాహ్నం దుంప కూడా కిటికీలోంచి చెయ్యి చాచి పెట్టి వెళ్ళాడు. ఇప్పుడు కొవ్వొత్తి ఎత్తి చూశాడు. పైకప్పునుంచి నీరు దిగి గోడంతా ఉబ్బిపోయింది. మూలనుంచి నల్లటి బూజు పాకింది. తలుపు పక్కన ఒక పెచ్చు మనిషంత మేర ఊడి నేలమీద ముక్కలై పడి ఉంది. అతను అరచెయ్యి ఆనించాడు. ఎక్కడ తడితే అక్కడ డొల్లగా మోగింది. ఈ గది పూసిన రోజు వాన పడుతుండటం, బయట మేస్త్రీలు పేకాడుతుండగా తనొక్కడే నునుపు తేలేదాకా తాపీ దించకపోవడం, అన్నీ గుర్తొచ్చాయి.

ఆ ముక్కల పక్కనే చతికిలబడ్డాడు.

బయట అడుగుల చప్పుడు. ఊనా తలుపు తట్టింది. లేవాలనుకున్నాడు. పెట్టుడు గడ్డం ఒళ్ళో ఉంది, చాక్లెట్ల గిన్నె పక్కనే ఉంది. లేవలేకపోయాడు. ఆమె మళ్ళీ తట్టింది. ఈసారి రెండు చేతులతో.

“ఎవరూ లేరా అమ్మా?”

తలుపు సందులోంచి కొవ్వొత్తి వెలుగు, ఆ వెలుగులో బూటు మొన నొరీన్‌కు కనిపించే ఉంటాయి.

“లేరు తల్లీ” అంది. “పద, ఇంటికి పోదాం. చలేస్తోంది.”

వాళ్ళ అడుగులు కంకర మీద దూరమయ్యేదాకా అతను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడు.

ఇంటికి వచ్చేసరికి బల్ల మీద ఎండుద్రాక్షల రొట్టె కోసి ఉంది. ఊనా సంచి బోర్లించి అక్రోట్లు వేరు చేసుకుంటోంది. తండ్రిని చూసి ఒక చాక్లెట్ తీసి అతని చేతిలో పెట్టింది.

“నాన్నా, ఒకింట్లో దీపం ఉంది గానీ మనుషుల్లేరు.”

“అలాగా.”

“వాళ్ళూ కెనడా వెళ్ళిపోయారేమో” అంది. రొట్టె నములుతూనే బల్ల మీద తల వాల్చి నిద్రపోయింది.

నొరీన్ తడిగుడ్డతో పిల్ల మొహం మీది మసి తుడిచింది.

“తలుపు తియ్యలేకపోయాను” అన్నాడు మాలకీ.

“చూశాను.”

“గోడ పాడైపోయింది నొరీన్. మొత్తం పోయింది.”

“గోడ సంగతి నాకెందుకు? పిల్ల తట్టింది, నువ్వు తియ్యలేదు.” ఆమె గొంతు పెంచలేదు. “ఇక్కడ ఇంకో చలికాలం నావల్ల కాదు. నీవల్లా కాదు.”

అతను తలూపి, నిద్రపోతున్న పిల్లను ఎత్తుకెళ్ళి మంచం మీద పడుకోబెట్టాడు.

కొత్త సంవత్సరం వచ్చాక ఇల్లు బ్యాంకుకు వదిలేసి, ఆత్లోన్ పట్నంలో ఒక బట్టల కొట్టు పైన రెండు గదుల్లో అద్దెకు దిగారు. మాలకీకి మాంసం ఫ్యాక్టరీలో నేల కడిగే పని దొరికింది. తాపీలు మంచం కింద పెట్టెలో ఉండిపోయాయి. గదుల గోడలు ఎగుడుదిగుడుగా ఉండేవి. అతను వాటి జోలికి పోలేదు. నొరీన్ కూడా అడగలేదు.

కొన్నేళ్ళకు ప్రభుత్వం ఆ వీధి కూలగొట్టిస్తోందనీ, మనుషులు కావాలనీ పాత మేస్త్రీ ఒకడు కబురు పెట్టాడు. కూలి ఫ్యాక్టరీ కంటే మెరుగు. మాలకీ వారం రోజులు సెలవు పెట్టి వెళ్ళాడు. సాయంత్రం బట్టల నిండా తెల్లటి దుమ్ముతో తిరిగొచ్చి, భోజనానికి కూర్చుని, అట్రాక్టా మామ్మ కిందటి చలికాలమే పోయిందట అన్నాడు. మర్నాడు పొద్దున నొరీన్ లేచేసరికి అతను ఫ్యాక్టరీ బట్టలు వేసుకుని, బస్సు కోసం మెట్లు దిగుతున్నాడు.