నత్తలు తేలిన మడి

బోంగ్నేకి ఎవర్నీ ఓ పట్టాన నమ్మే అలవాటు లేదు. అలాంటి మనిషిని నమ్మి సియోల్‌లో నలభై కుటుంబాలు నాట్లకు ముందే బియ్యం చెప్పిపెట్టుకునేవి. మందుచుక్క తగలని బియ్యం. సోల్గోల్ ఊళ్లో ఆమెకున్నవి మూడు మడులే. కలుపు తినడానికి నీళ్లలో నత్తల్ని వదిలేది, అవి వదిలేసింది తనే వంగి పీకేది. దళారి లేడు గనక మామూలు బియ్యం ధరకి ఒకటిన్నర రెట్లు పలికేది.

ఆ ఏడు జూలైలో ఓ పొద్దున కింది మడి మూల నత్తలు గుప్పెళ్లకొద్దీ చచ్చి తేలాయి. ఆ గట్టుకవతల పొలం డోక్మాన్‌ది. బోంగ్నే బురద కాళ్లతోనే ఊరి సావడికి పోయింది. అతను పేకాటలో ఉన్నాడు.

“నా మడిలోకి మందునీళ్లు వదిలింది నువ్వేగా?”

“వడదెబ్బ తగిలిందేమో వదినా! ఒక్కోదానికీ ఓ గొడుగు కొనివ్వకపోయావా?” అన్నాడతను ముక్కలు దించకుండానే. అంతా ఘొల్లున నవ్వారు.

“నవ్వు, నవ్వు. నీ బండారం బయటపెట్టకపోతే అడుగు.”

తొమ్మిది రోజులు తెల్లారకముందే గట్టు మీద కాపు కాసింది. డోక్మాన్ తూము ముట్టుకోలేదు. ఇంటికొస్తే మొగుడు జేగిల్‌ది ఒకటే పాట: “పోనీలేవే, ఊరితో పోరెందుకు?” మొదట ఓదార్పనుకుంది. నాలుగోసారి ఎందుకో చెవికి గుచ్చుకుంది. తలెత్తి చూస్తే దండెం మీద అతని పొలం చొక్కా.

“ఇదెవరు ఉతికారు?”

“చెమట పట్టిందని నేనే...”

“ముప్పయ్యెనిమిదేళ్లలో నీకు ఇప్పుడే చెమట పట్టిందా?”

జేగిల్ అరుగు మీద కూలబడ్డాడు. “వరికి దోమ పట్టిందే. దుబ్బులు పసుపెక్కాయి. పంట మొత్తం పోతే ఆ నలభై ఇళ్లకీ ఏం చెప్తావని భయమేసింది. ఒక్క మూలే మందు కొట్టా.”

బోంగ్నే బిందెడు మక్గొల్లి, అదే బియ్యపు కల్లు, పట్టుకుని డోక్మాన్ గుమ్మానికెళ్లి తలొంచింది. అతను గిన్నె ఆమెవైపే తోసి, “ముందు నువ్వు తాగు వదినా” అన్నాడు. తాగింది.

తర్వాత ఇంటింటికీ ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. కింది మడి ధాన్యం మామూలు మిల్లుకి పోతుందంది. పదకొండు ఇళ్లు మానేశాయి. ఒకావిడ నిలదీసింది: “పై మడులు శుభ్రమని ఎలా నమ్మమంటారు?”

“నమ్మొద్దమ్మా. వచ్చి చూసుకోండి.”

ఆవిడ కోతలకు ముందు నిజంగానే వచ్చింది. పై మడుల గట్లన్నీ తిరిగి, మట్టి తవ్వి సీసాలో పట్టుకెళ్లింది. పరీక్షలో మందు జాడే లేదని నెలకి ఫోన్ చేసి, రెండు బస్తాలు చెప్పింది.

కింది మడికి మళ్లీ మందు తగలని పొలమన్న సర్కారు ముద్ర పడటానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ జేగిల్ ఒంటరిగా పొలంలో అడుగుపెట్టలేదు. గట్టు మీద నిలబడి, “రావే, దిగుతున్నా” అని కేకేసేవాడు. ఆమె వచ్చి, అతని ఖాళీ చేతులు చూశాక గానీ దిగేవాడు కాదు.