ఆవిడ చంపుకున్న పని

సర్వర్ గది చలికి ఆవిడ శాలువా తలమీదుగా కప్పుకుని కూర్చుంటుంది. ఆస్పత్రి కంప్యూటర్లలో నడిచే రెండు పనులు, ఒకదానికి కావలసింది మరొకటి పట్టుకుని బిగుసుకుపోతే, ఒకదాన్ని చంపి, అంటే మధ్యలోనే ఆపేసి, రెండోదాన్ని కదిలించడం ఆవిడ ఉద్యోగం. చంపేముందు "ఏమనుకోకు నాయనా" అంటుంది. పక్క సీటామె పకపకా నవ్వుతుంది.

ఈ ఉదయం ఆస్పత్రి రికార్డులన్నీ ఆగిపోయాయి. చిక్కుపడ్డ రెండు పనుల్లో ఒకటి ఆవిడదే. రెండోది, ఆవిడకు పని నేర్పి, పోయిన నెల కన్నుమూసిన పెద్దాయన పేరుమీద నడుస్తోంది.

"ఆయన ఖాతా మనమే తీసేశాం కదే!" పక్క సీటామె తెరమీదికి వంగింది. "చంపెయ్ తల్లీ, కింద రోగులకి మందులు అందట్లేదు."

ఆవిడకు చెయ్యి రాలేదు. తన పనినే చంపుకుంది. రికార్డులు కదిలాయి. ఆయన పని పూర్తయినట్టు, జరిగినవన్నీ నమోదయ్యే లాగ్‌లో ఒక వరుస పడింది. దాని కింద ఇంకొకటి: ఆవిడ పని మళ్లీ మొదలైంది. మొదలుపెట్టినవారి గడిలో ఆయన పేరుంది.