తలుపు దగ్గర నేనుంటాను

మా సంఘంలో స్వాగత బాధ్యత నాకిచ్చారంటే మా అక్క ఇప్పటికీ నమ్మదు. "నువ్వా? ఇంటికి చుట్టాలొస్తే బాత్రూంలో దూరి గడియ పెట్టుకునేదానివి" అంది. నిజమే. పెద్దత్తయ్య వాళ్లు వచ్చినప్పుడైతే దిండు కూడా పట్టుకెళ్లాను.

సంఘమంటే పెద్దదేం కాదు. కంప్యూటర్ల రంగంలో పనిచేస్తూ, మెదడు నలుగురిలా నడవని వాళ్లం ఓ ఇరవై మందిమి. ఆటిజం ఉన్నవాళ్లు, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లు, రెండూ ఉన్నవాళ్లు. నెలకో శనివారం మధ్యాహ్నం గ్రంథాలయం రెండో అంతస్తులో కలుస్తాం. నాకున్నది ఆటిజమని నలభయ్యో ఏట డాక్టరు చెప్పింది. ఆ తర్వాత నాలుగు నెలలు ఆ గ్రంథాలయం మెట్ల దాకా వెళ్లడం, వెనక్కి తిరిగి రావడం. తలుపు తోసుకుని వెళ్తే అందరూ తలెత్తి చూస్తారని భయం. ఐదో నెల వాన పట్టుకుంది కాబట్టి లోపలికెళ్లాను.

మా కార్యవర్గంలో ఎవరికి ఏది చేతకాదో ఆ పదవే వాళ్లకి దక్కింది. టైము స్పృహ బొత్తిగా లేని ఆయన సమయపాలకుడు, మూడు అలారాలు పెట్టుకుని కూర్చుంటాడు. ఏది ముఖ్యమో తేల్చుకోలేని ఆవిడ కార్యదర్శి, ఎవరు దగ్గినా మినిట్స్‌లో రాస్తుంది. నేనేమో ఆలస్యమవుతుందన్న భయంతో నలభై నిమిషాల ముందే వచ్చి తలుపు దగ్గర నిలబడతాను. అది చూసి మా అధ్యక్షుడు, డేటాబేసుల పని చేసే పెద్దాయన, "ఈ అమ్మాయికి మనుషులంటే ఎంతిష్టమో" అని ఈ పని నా నెత్తిన పెట్టాడు. నేను తలూపేశాను.

ఉద్యోగరీత్యా నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఎదుటివాళ్లు చేసినదాంట్లో తప్పులు వెతకడం నా పని. అలాంటిదాన్ని మనుషుల్ని పలకరించమంటే ఏం చేస్తాను, టెస్టుకి రాసుకున్నట్టే ముప్పై ఒక్క అంశాల జాబితా రాసుకున్నాను. దాంతోపాటు ఒక రూలు కూడా చేశాను. మధ్యలో తలుపు తెరుచుకుంటే మా వాళ్లకి ధ్యాస చెదిరిపోతుంది కాబట్టి, మీటింగు మొదలైన ఐదు నిమిషాలకి తలుపు మూసేస్తాం, ఆ తర్వాత ఎవరూ రాకూడదు. ఆ వాక్యాన్ని ఎర్రక్షరాల్లో పెట్టి అందరికీ పంపాను. ఎంత బాగా రాశానో అని నేనే రెండు మూడుసార్లు చదువుకున్నాను.

అప్పుడొచ్చింది ఆ ఈమెయిలు. సర్వర్ల గదిలో పనిచేసే ఒకాయన రాశాడు. మూడు నెలలుగా మెట్ల దాకా వచ్చి వెళ్లిపోతున్నాడట. 'లోపల నాకెవరూ తెలీదు. తలుపు దగ్గర ఎవరైనా ఉంటారా?' అని అడిగాడు. అది నేను ఒకప్పుడు రాయాల్సిన ఉత్తరం, రాయలేకపోయాను. 'తలుపు దగ్గర నేనుంటాను' అని జవాబిచ్చి, కింద ఆ ఎర్రక్షరాల రూలు కూడా జతచేశాను. ఇంకెవరూ రాకపోయినా ఫర్లేదు, ఈ మనిషి మాత్రం లోపలికి రావాలి అనుకున్నాను.

శనివారం వచ్చాడు. పొడుగ్గా, బూడిదరంగు స్వెటర్లో, సంచీని గుండెకి హత్తుకుని. నేను జాబితా తీశాను. "చిరునవ్వు" అని చదివాను. అది నేను చెయ్యాల్సిన పని, పైకి చదవాల్సింది కాదు. ఆగితే మళ్లీ నోరు పెగలదని గుక్కతిప్పుకోకుండా మిగతా ముప్పై చదివేశాను. "నమస్కారమండీ, బాత్రూం ఎడమవైపు రెండోది, కిటికీ పక్క లైటు మినుకుమినుకుమంటుంది, అక్కడ కూర్చోకండి, అత్యవసరమైతే నడవా చివర వెనక తలుపుంది..." ఆయన మొత్తం విన్నాడు, తలూపాడు, గిరుక్కున తిరిగి నడవాలోకి వెళ్లిపోయాడు.

బాత్రూంకేమో అనుకున్నాను. రాలేదు. మీటింగు మొదలై ఐదు నిమిషాలు దాటాయి. నా రూలు ప్రకారం నేనే తలుపు మూశాను.

ఇంటికొచ్చి చెబితే అక్క పగలబడి నవ్వి, నా మొహం చూసి ఆపేసింది. "పోనీలేవే. నీవల్ల కాని పని నెత్తికెత్తుకున్నావు, దించేసుకో" అంది. ఆ మాట పట్టుకుని రాజీనామా రాశాను. అందులో నన్ను నేను ఎంత తిట్టుకున్నానంటే, కార్యదర్శి దాన్ని తిప్పి పంపి 'మూడో పేరా అవసరమా?' అని అడిగింది. వచ్చే మీటింగులో మొదటి అంశం నా రాజీనామా అని ఖాయమైంది.

ఆ మీటింగుకీ నలభై నిమిషాల ముందే వెళ్లాను. నేను రాజీనామా చేశాను గానీ నా భయం చెయ్యలేదు కదా. ఇంకో ఐదు నిమిషాలుందనగా బూడిదరంగు స్వెటరు మెట్లెక్కి వచ్చింది.

"మీ జాబితాలో ఒక తప్పుందండీ" అన్నాడు. నమస్కారం లేదు, ఏమీ లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. "వెనక తలుపు బయటినుంచి తెరుచుకోదు. మీరది చెప్పలేదు."

"మీకెలా తెలుసు?"

"చూడ్డానికి వెళ్లాను కదా, మీరు చెప్పగానే. దారుందన్నారు, ఉందో లేదో చూసుకోవాలిగా. బయటికెళ్లగానే మూసుకుపోయింది. ఇనప మెట్లు దిగి, సందంతా చుట్టి వచ్చేసరికి ఐదు నిమిషాలు దాటిపోయింది. ఆ తర్వాత రాకూడదని ఎర్రక్షరాల్లో రాశారుగా. వెళ్లిపోయాను."

నెల రోజులు నేను తిండి సయించక ఏడ్చింది ఇందుకన్నమాట. పారిపోయాడనుకున్న మనిషి నా మాట విని ఒక తలుపులోంచి బయటపడ్డాడు, నా రూలు చదివి ఇంకో తలుపు బయటే ఆగిపోయాడు.

ఇంకొకరైతే క్షమించమని లోపలికి తీసుకెళ్లేవారు. నేను టెస్టర్ని. తప్పుందంటే కళ్లారా చూడందే ఒప్పుకోను. "ఒకసారి చూపించండి" అన్నాను.

వెళ్లాం. ఆయన తలుపు తెరిచాడు, ఇద్దరం ఇనప మెట్ల మీదికి వచ్చాం, ఆయన తలుపు వదిలేశాడు. టక్కున పడింది. బయటివైపు పిడి లేదు.

"ఎందుకు వదిలేశారు?"

"చూపించమన్నారుగా."

పట్టుకోమని నేను చెప్పలేదు మరి. చెత్తడబ్బాలు, తాళాలేసిన సైకిళ్లు తప్పించుకుంటూ సందంతా చుట్టి, మళ్లీ రెండంతస్తులు ఎక్కేసరికి మీటింగు మొదలై ఏడు నిమిషాలైంది. తలుపు మూసుంది. లోపల పెద్దాయన మొదటి అంశం చదువుతున్నాడు.

స్వెటరాయన నడవాలోని బల్ల మీద కూర్చుని సంచీ ఒళ్లో పెట్టుకున్నాడు. "వచ్చే నెల వస్తాలెండి" అన్నాడు. రాడని నాకు తెలుసు. మెట్ల దాకా వచ్చి తిరిగిపోయే మనిషికి ఆ వచ్చే నెల ఎంత దూరమో నాకంటే ఎవరికి తెలుసు?

తలుపు తట్టి తోశాను.

తలలన్నీ లేచాయి. నలభై రెండేళ్లుగా నేను దేనికి భయపడ్డానో సరిగ్గా అదే. సమయపాలకుడి అలారం కూడా అప్పుడే మోగి చచ్చింది.

"ఏడు నిమిషాలు దాటిందమ్మా" అన్నాడు పెద్దాయన, కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు. "రూలు నువ్వే రాశావు."

"తప్పు రాశాను" అన్నాను. పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో నా నోట ఎన్నడూ రాని మాట. "ఈయన్ని రానివ్వండి. రూలు మొత్తం పోకుండా నేను బయటుంటాను."

నాకది చాలా న్యాయంగా తోచింది. అందరూ ఆలోచనలో పడ్డారు. మావాళ్లు ఇలాంటివి నిజంగానే ఆలోచిస్తారు. ఇంతలో నా వెనకనుంచి ఆయన అన్నాడు, "ఆవిడ లేకపోతే నేను రానండీ. ఇక్కడ నాకు తెలిసింది ఆవిడొక్కరే."

పదిమంది ఉన్న గదిలో నేను ఒకరికి తెలిసిన మనిషిని కావడం అదే మొదటిసారి. ఏడుపొచ్చేసింది. జాబితాలో దానికి అంశం లేదు.

పెద్దాయన రెండు కుర్చీలు లాగాడు. మొదటి అంశం సంగతేమిటని కార్యదర్శి అడిగింది. కొట్టెయ్యమన్నాను. ఆవిడ కొట్టేసి, పక్కన 'తలుపు తట్టిన శబ్దం, ఒకసారి' అని రాసుకుంది. స్వెటరాయన మాత్రం కిటికీ వైపున్న కుర్చీ వదిలేసి, ఇంకో కుర్చీ తెచ్చి నాకు ఇటుపక్కన వేసుకుని కూర్చున్నాడు. ఆ లైటు సంగతి గుర్తుపెట్టుకున్నాడు.