ముగ్గు కాని గీతలు

చంద్రి మోకాలు చెక్కుకుపోయి ఏడుస్తూ వచ్చిన రోజే నాలో ఏదో చెడిందని తెలిసింది. నాలుగేళ్ల పిల్ల, నా కన్నకూతురు. ఎత్తుకోమని రెండు చేతులూ చాపింది. నేను చూస్తూ కూర్చున్నాను. అంతకు రెండు నెలల ముందు నా ఇరవై రోజుల కొడుకు జ్వరంతో పోయాడు. వాడికోసమూ నాకు కన్నీళ్లు రాలేదు.

మానవపాడులో మా అత్త తాయెత్తు కట్టించింది, దిష్టి తీసింది, తిట్టింది కూడా. చివరికి నా పెనిమిటి బండి కట్టి గద్వాల దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరమ్మ కనురెప్పలు, నాలుక, నాడి చూసింది. రక్తం తక్కువుందని టానిక్ రాసి, అసలు జబ్బు మెలాంకోలియా అంది. పిచ్చా అని ఆయన హడలిపోయాడు. కాదు, దుఃఖం లోపలే గడ్డకట్టిందని చెప్పి నా చేతికి పెన్సిలూ కాగితమూ ఇచ్చింది. కళ్లు మూసుకుని, పెన్సిల్ ఎత్తకుండా, మనసెట్లుంటే చెయ్యి అట్లా పోనివ్వమంది.

నాకు చేతనైంది ఒక్కటే. ఏడు చుక్కలు పెట్టి ముగ్గు వేసి చూపించాను.

"గిది వాకిలికేసే ముగ్గు. నీ దుఃఖం గింత సక్కగున్నదా?" అందామె.

ఒళ్లు మండింది. బిడ్డను పోగొట్టుకున్నదాన్ని ఎగతాళి చేస్తుందా అని కాగితం చిరిగేదాకా గీకాను. ఆమె కోప్పడలేదు. ఇంకో కాగితం ఇచ్చి మళ్లీ అలాగే గీయమని, ఆ గీతల చిక్కులో ఇది నా దుఃఖమే అనిపించిన చోట గట్టిగా దిద్దమంది.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు, కాగితం దొరికేది కాదు. ఇంటికొచ్చి కొట్టం వెనక గోడమీద బొగ్గుతో చాటుగా గీయసాగాను. కోపమొస్తే నల్లటి ముడులు, అలసిపోతే సన్నటి గీత. చచ్చిపోయిన ఆకలి కొంచెం తిరిగి పుట్టింది. అంతలో మా అత్త ఆ గోడ చూసింది. ఎవరో చేతబడి చేశారని గుండెలు బాదుకుని, పేడనీళ్లతో అలికేసి, మంత్రగాణ్ణి పిలిపించి నన్ను వేపమండలతో కొట్టించింది. పదిరోజులు మళ్లీ మంచం దిగలేదు.

పదకొండోనాడు ఇక పంతం పట్టి, అత్త ఎదుటే బొగ్గు తీసుకుని ఆ గోడ దగ్గరికి పోయాను.

"అవి నేను గీసినయే అత్తా. పిలగాని కోసం ఏడుపొస్త లేదు, గందుకే గిట్ల గీస్తున్న."

తిడుతుందనుకున్నాను. ఆమె అక్కడే కూలబడింది.

"నా బిడ్డలు గూడ ఇద్దరు పోయిన్రు పిల్లా. ఏడిస్తె ఇంటికి కీడని ఏడ్వనియ్యలే. జర ఆ బొగ్గు నాకియ్యి."

ఆమెకు బొగ్గు పట్టడం కూడా సరిగ్గా రాలేదు. రెండు వంకర సున్నాలు చుట్టి, వాటి చుట్టూ గోడమట్టి రాలేదాకా తిప్పుతూనే ఉంది. చూస్తుంటే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఇద్దరం నోరారా ఏడ్చాం. చంద్రి బెదిరి పరుగెత్తుకొస్తే ఎత్తుకుని గుండెకు హత్తుకున్నాను. పిల్ల ఎంత బరువెక్కిందో అప్పుడే తెలిసింది.

జబ్బు ఒక్కనాటితో పోలేదు. ఏడాదిపాటు మంచి రోజులూ పాడు రోజులూ కలిసే నడిచాయి. ఇప్పుడు చంద్రికి ఏడేళ్లు. నామీద కోపమొస్తే నన్నే గోడమీద గీస్తుంది, మహా వికారంగా. వాళ్ల నాయనమ్మ అచ్చం నీలాగే ఉందని నాతో అంటూ మురిసిపోతుంది.

నాలాంటి తల్లులకు ఒక్క మాట. బొగ్గుముక్క తీసుకోండి, చుక్కలు పెట్టకండి. గీసింది ఇంట్లో ఒక్కరికైనా మీరే చూపించండి. నేను దాచినందుకు వేపమండల దెబ్బలు తిన్నాను. చూపించాకే మా అత్త, పోయిన తన బిడ్డలిద్దరి పేర్లూ నాకు చెప్పింది.