అరచెయ్యి కనిపించిన చెరువు

కిరణజన్య సంయోగక్రియలో నాకు యూనివర్సిటీలో మంచి మార్కులు వచ్చాయి. ఆ మార్కులున్న మనిషినే, మా మావయ్యగారి రొయ్యల చెరువుకి రెండు రోజుల్లో ఊపిరాడకుండా చేశాను. నమ్మకపోతే చెరువు మీద పనిచేసే నాంచారయ్యని అడగండి. మీరు అడక్కపోయినా చెబుతాడు. నాగాయలంకలో బస్సు దిగిన ప్రతివాళ్లకీ చెబుతూనే ఉన్నాడు.

అప్పటికి నాకు పెళ్లయి ఆరు నెలలు. గుడివాడలో ఒక కాలేజీలో బోటనీ లెక్చరర్‌గా చేరి ఏడాది. కాళ్లు నేల మీద ఆనని రోజులు. శుక్రవారం సాయంత్రం బస్సెక్కి అత్తవారింటికి రావడం, సోమవారం పొద్దున్నే తిరిగి వెళ్లడం.

మావయ్యగారికి ఒక అలవాటుండేది. తెల్లారగానే చెరువు గట్టు మీద గొంతుక్కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేయి దాకా నీళ్లలో ముంచి కాసేపు అలా చూసేవారు. ఆ తర్వాత తలూపి లేచేవారు. ఉంగరమేదో పడేసుకున్నారనుకుని మొదటి వారం నేనూ వెతికాను.

"ఏం చూస్తున్నారు మావయ్యగారూ?"

"నీళ్ల రంగు చూస్తున్నానమ్మా. అరచెయ్యి కనబడీ కనబడనట్టుండాలి."

రంగేముంది, పచ్చగా చిక్కగా ఉన్నాయి నీళ్లు. నా కంటికి అది మురికి. పాపం, పెద్దాయనకి ఎవరూ చెప్పలేదనుకున్నాను.

ఇంతలో మా కాలేజీ పిల్లలు ఇరవై మంది ఆదివారం దివిసీమ చూడ్డానికి వస్తామన్నారు. మడ అడవి చూశాక మా చెరువు దగ్గరే భోజనాలు. సరిగ్గా ఆ వారమే ఇంట్లో అందరూ పెళ్లికని బందరు వెళ్లారు. "రెండు రోజులు చెరువు నువ్వూ నాంచారయ్యా చూసుకోండమ్మా" అన్నారు మావయ్యగారు వెళ్తూ. కొత్త కోడలికి అంతకంటే గౌరవం ఏముంటుంది? ఆయన తిరిగొచ్చేసరికి చెరువు అద్దంలా మెరవాలనుకున్నాను.

షెడ్డులో డబ్బాడు మైలుతుత్తం ఉంది, అదే కాపర్ సల్ఫేట్. గట్టు వార నాచు పడితే మావయ్యగారు చిన్న గుడ్డమూటలో కాస్త కట్టి అక్కడ మాత్రం తిప్పేవారు. కాస్తకే అంత పని చేస్తే మొత్తం ఎంత చేస్తుందో! డబ్బా నాంచారయ్య చేతికిచ్చాను.

"ఇదంతానా అమ్మగారూ? పెద్దాయనకి ఓ ఫోన్ చేద్దామండీ."

"పెళ్లిలో ఉన్నారు. ఇంత చిన్నదానికి ఎందుకు?"

"రొయ్యల పట్టుబడికి ఇంక నెల్రోజులేనండీ. పంట పోద్దేమో."

"నాంచారయ్యా, మనిద్దరిలో బోటనీ చదివిందెవరు?"

పాపం, అతను ఆ సాయంత్రమే డబ్బా మొత్తం చెరువులో కలిపేశాడు. ఆ చదువు చాలనుకోవడమే నాకొచ్చిన చిక్కు.

శనివారానికి పచ్చదనం తగ్గింది. ఆదివారం పొద్దునకి నీళ్లు తేటపడ్డాయి. పిల్లలొచ్చి "ఎంత క్లీన్‌గా ఉంది మేడం!" అన్నారు. నేను ముసిముసిగా నవ్వుకుని, గట్టు మీది గానుగ చెట్టు నుంచి ఒక ఆకు తుంచి, చెరువుకి వీపు పెట్టి నిలబడి, ఎవరూ అడక్కుండానే పాఠం మొదలుపెట్టాను.

"చూడండి, ఈ ఆకు ఒక వంటిల్లు. ఎండ దీని పొయ్యి. గాలిలోంచి బొగ్గుపులుసు వాయువు, వేళ్ల నుంచి నీళ్లు తీసుకుని తన అన్నం తనే వండుకుంటుంది. ఆ వంటలో మిగిలి బయటికొచ్చేదే మనం పీల్చే ప్రాణవాయువు. ఈ పచ్చదనమే లేకపోతే ఏమవుతుంది?"

వెనక వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తింది.

"చెప్పమ్మా."

"జవాబు కాదు మేడం. మీ వెనకాల నీళ్ల మీదికి వస్తున్నవేంటి?"

తిరిగి చూశాను. చెరువు నిండా రొయ్యల మీసాలు. గట్టు వారకి గుంపులుగా చేరి, నీటి అంచున తేలుతూ, గాలి కోసం కొట్టుకుంటున్నాయి. ఆ అమ్మాయి చెప్పకపోయినా నా ప్రశ్నకి అవే జవాబు చెబుతున్నాయి. చేతిలో ఆకు ఇంకా అలాగే పట్టుకుని ఉన్నాను.

నాంచారయ్య నీళ్లు చిలికి గాలి కలిపే ఏరేటర్ చక్రాలన్నీ ఆన్ చేశాడు. నేను బందరుకి ఫోన్ చేశాను.

"ఏం వేశావమ్మా?"

చెప్పాను. అవతల పెళ్లి సన్నాయి మోగుతూనే ఉంది. ఆ మోతలోనే నెమ్మదిగా అన్నారు, "చక్రాలు ఆపొద్దు. సగం నీళ్లు వదిలెయ్యండి. పక్క చెరువు కోటేశ్వరమ్మగారిని పచ్చ నీళ్లు అడుగు. నేను బయల్దేరుతున్నా."

పరిగెత్తాను.

"పిన్నిగారూ, మీ చెరువు నీళ్లు కాసిని ఇస్తారా?"

"అదేంటమ్మా, మీ చెరువులో లేవా?"

"ఉన్నాయండీ. పచ్చవి లేవు."

"మొన్నటిదాకా మా కంటే మీవే బాగుండేవిగా?"

"నేను... శుభ్రం చేశానండీ."

ఆవిడ నన్ను కిందికీ పైకీ చూశారు. "పెరుగు తోడుకి గిన్నె పట్టుకొచ్చే కోడళ్లని చూశాను గానీ, చెరువుకి తోడు అడగొచ్చినదాన్ని నిన్నే చూడ్డం తల్లీ!" అంటూనే ఇంజన్ వెయ్యమని పాలేరుకి కేకేశారు.

ఆ పచ్చ నీళ్లు గొట్టంలోంచి మా చెరువులో పడుతుంటే గట్టు మీద కూలబడ్డాను. అప్పుడర్థమైంది. ఆ పచ్చదనం మురికి కాదు, కంటికి ఆనని కోట్ల మొక్కలు. కాడ లేదు, ఈనె లేదు, అంతే. ఎండ కాసినంతసేపూ ఆ నీళ్లలో వంట జరుగుతూనే ఉంది, రొయ్యలకి ఊపిరి పోస్తూనే ఉంది. ఆకు ఆకారంలో కనిపిస్తేనే ఆకని గుర్తుపట్టే చదువు నాది. ఏడుపొచ్చింది. మార్కులు తలుచుకుంటే ఇంకా వచ్చింది.

మావయ్యగారు పెళ్లి బట్టలతోనే దిగారు. నా వంక చూడలేదు. గొంతుక్కూర్చుని, పట్టు లాల్చీ మడిచి, మోచేయి దాకా ముంచారు.

"అరచెయ్యే కాదమ్మా, గీతలు కూడా కనబడుతున్నాయి. జాతకం చెప్పించుకోవచ్చు."

రొయ్యల్లో చాలా పోయాయి. బుట్టలతో ఎత్తి గుంట తీసి పూడ్చాం. నేను ఎత్తిన ప్రతి బుట్టకీ ఆయన రెండోవైపు చెయ్యి వేశారు. తిట్టి ఉంటే హాయిగా ఉండేది. మిగిలినవి మాత్రం, వారానికి నీళ్లు మళ్లీ పచ్చబడ్డాక, మేత తినడం మొదలుపెట్టాయి.

అవి మేత ముట్టిన రోజు కాఫీ తాగుతూ మావయ్యగారు అడిగారు. "పిల్లలకి ఏదో పాఠం చెప్పావంటగా. నాకూ చెప్పు."

తలొంచుకుని చెప్పాను. ఎండ, గాలి, నీళ్లు, అన్నం, ఊపిరి. శ్రద్ధగా విన్నారు.

"అయితే నేనిన్నాళ్లూ నీళ్లలో పొలం పండిస్తున్నానన్నమాట!"

"అవును మావయ్యగారూ."

"పాఠం బ్రహ్మాండంగా ఉందమ్మా. మరి పొలమంతా పీకేసి, ఒక్క ఆకు చేతిలో పట్టుకుని చెప్పడమెందుకు?"

ఇప్పుడు ఆ పాఠం వచ్చిన రోజున క్లాసుకి గాజు గ్లాసు నిండా చెరువు నీళ్లు పట్టుకెళ్తాను. పిల్లలు "ఛీ, మురికి" అంటారు. నాకు కోపం రాదు.

కనుక నాగాయలంక గట్టు మీద నిలబడి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: నా చెయ్యి మోచేయి దాకా తడవకుండా ఏ డబ్బా మూతా విప్పను, ఏ నీళ్లనీ బాగుచెయ్యను. దీనికి నాంచారయ్యా, కోటేశ్వరమ్మగారూ సాక్షులు. రొయ్యలు మాత్రం సాక్ష్యానికి రాలేదు. ఎన్ని పంటలు మారినా, నా నీడ గట్టు మీద పడగానే అవి అడుక్కి పోతున్నాయి.