బావ తాగిన కషాయం

ఆ ప్రశ్న ఫారం రెండో పేజీలో, కింది నుంచి మూడో వరుసలో ఉంది: ఆసుపత్రి ఇచ్చినవి కాక వేరే మందులు, మూలికలు, పొడులు ఏమైనా వాడుతున్నారా? ‘లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టింది నేనే. అప్పటికి పది రోజులుగా మా బావ పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు చైనా కషాయం తాగుతున్నాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే పెట్టాను.

బావ అంటే మా అక్క భర్త. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో సరుకుల గోదాములో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాడు. నేను జర్మనీలోనే ఎర్లాంగెన్ అనే ఊళ్లో ఇంజనీరును. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి కనుక ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే వచ్చేది. ఇంటి ఒప్పందమైనా వీసా పొడిగింపైనా నేను నింపేవాణ్ణి, బావ సంతకం పెట్టేవాడు. ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలాక ఆసుపత్రి కాగితాలూ అలాగే నా చేతికి వచ్చాయి. కీమో ఉన్న ప్రతిసారీ సెలవు పెట్టి రైల్లో వెళ్లేవాణ్ణి. డాక్టరు చెప్పేది నేను వినేవాణ్ణి. బావ నా ముఖం చూసేవాడు.

రెండో కీమో తరువాత ఆయన తిండి మానేశాడు. నోరంతా పుండ్లు, ఆగని దగ్గు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు వాంతులకు మాత్రలు రాశాడు. బరువు ఇంకా తగ్గితే కీమో మోతాదు తగ్గించాల్సి వస్తుందన్నాడు. తినని మనిషి చేత ఎలా తినిపించాలో చెప్పకుండానే తరువాతి రోగిని పిలిచాడు. ఆ తొందర తలచుకుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

అక్కతో పనిచేసే ఒకామె, చైనా వైద్యం చేసే జర్మన్ ఆవిడ దగ్గరికి దారి చూపించింది. ఆవిడ బావను ముప్పావు గంట కూర్చోబెట్టి, నాలుక చూసి, రెండు మణికట్ల దగ్గరా నాడి పట్టి, నిద్ర గురించీ చెమట గురించీ అడిగిందట. ఇది క్యాన్సర్‌ను తగ్గించదని, కీమోను తట్టుకోవడానికి తోడుగా మాత్రమేనని కూడా చెప్పిందట. వేళ్లు, బెరళ్లు కలిపిన పొట్లాలు ఇంటికి వచ్చాయి. అక్క ఒకటి విప్పి, పసుపుపచ్చ ముక్కను కొరికి చూసింది.

“ఇది మన అతిమధురమేరా. దగ్గొస్తే అమ్మ బుగ్గల పెట్టుకొమ్మని ఇస్తుండె. దీనితోని ఏమైతది?”

నాలుగో రోజు బావ పప్పన్నం తిన్నాడు. మారు అడిగి పెట్టించుకున్నాడు. అక్క వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది. కషాయం పనిచేసిందో, కీమో ఇచ్చి రోజులు గడిచాయి కనుక ఆకలి దానంతటదే వచ్చిందో నాకు తెలియదు. అప్పుడు తెలుసుకోవాలనీ అనిపించలేదు.

మూడో కీమో ముందు ఆ ఫారం వచ్చింది. ప్రశ్న అక్కకు చదివి వినిపించాను.

“అది మందెట్లయితదిరా, పొయ్యి మీద కాచేది?” అంది అక్క. తరువాత గొంతు తగ్గించి అసలు మాట చెప్పింది. “చెప్తే బంద్ చెయ్యమంటడు. బంద్ చేస్తే మీ బావ మళ్ల తినడు. తినకుంటే కీమో తగ్గిస్తరు. నువ్వే చెప్పినవ్ గద.”

మా ఇంట్లో కషాయం ఎన్నడూ మందుల లెక్కలోకి రాలేదు. శొంఠి, మిరియాలు, వాము వంటింటివి. ఏమేసుకున్నావని డాక్టరు అడిగితే వాటి పేరెత్తేవాళ్లు లేరు. అక్క అలా అనుకోవడం సహజం. నేను మాత్రం ఆ అలవాటు చాటున దాక్కోలేను. ‘మూలికలు’ అన్న మాట ఆ ప్రశ్నలోనే ఉంది. ఇంత చదివి ఇలాంటివి నమ్ముతారా అన్నట్లు ఆ డాక్టరు నా వైపు చూస్తాడేమోనని సిగ్గుపడ్డాను. నా సిగ్గు కోసం మరొకరి ఒంటి మీద అబద్ధం రాశాను.

మూడో కీమో అయిన ఆరో రోజు బావ మంచం దిగబోతే కాళ్లు నిలవలేదు. గుండె అడ్డదిడ్డంగా కొట్టుకుంటోందన్నాడు. ఆసుపత్రిలో రక్తం చూస్తే పొటాషియం బాగా పడిపోయింది. ఇంతగా ఎందుకు పడిపోయిందో అంతుపట్టడం లేదంటూ వార్డులోని డాక్టరమ్మ, ఇంకేమైనా తీసుకుంటున్నారా అని మళ్లీ అడిగింది. అక్క నా చొక్కా అంచు పట్టుకుంది. ఎలా చెబితే మా తప్పు చిన్నదిగా వినిపిస్తుందా అని నేను జర్మన్‌లో వాక్యం పేర్చుకుంటూ నిలబడ్డాను.

మంచం మీద నుంచి బావే చెప్పాడు. చైనా టీ, రోజుకు రెండుసార్లు, పదహారు రోజులు. వ్యాకరణం లేని గోదాము జర్మన్‌లో చెప్పిన ఆ మాట ఆమెకు వెంటనే అర్థమైంది.

అక్క తెచ్చిన పొట్లాన్ని ఆసుపత్రి ఫార్మసిస్టు కాగితం మీద పరిచి చూశాడు. అతిమధురం రోజూ ఇంత మోతాదులో, అదీ కీమోతో ఇచ్చే స్టెరాయిడ్‌తో కలిస్తే, పొటాషియాన్ని లాగేస్తుందన్నాడు. మరో రెండు వేళ్ల గురించి తాను హామీ ఇవ్వలేనని, అన్నీ ఆపమన్నాడు. ఇలాంటి తోడు వైద్యం కావాలనుకునేవారి కోసం ఈ ఆసుపత్రిలోనే కింది అంతస్తులో ఒక డాక్టరు ఉన్నారని, ఎవరూ చెప్పలేదా అని డాక్టరమ్మ ఆశ్చర్యపోయింది. చెప్పలేదు. మూడు నెలలుగా ఆ అంతస్తు మీదుగానే లిఫ్టులో పైకి వెళ్తున్నాం.

బయటికి వచ్చి చైనా వైద్యం ఆవిడకు ఫోన్ చేశాను. నిలదీయడానికి ఐదు వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. ఆవిడ రెండో వాక్యం దగ్గరే ఆపింది. పొట్లాల పేర్లన్నీ రాసి, మొదలుపెట్టే ముందు క్యాన్సర్ డాక్టరుకు చూపించమని కాగితం ఇచ్చానంది. కాగితాలు మా తమ్ముడు చూసుకుంటాడని అక్క అందట. నిజమే. అక్క దాన్ని ఫొటో తీసి ఆ రోజే నాకు పంపింది. నేను మీటింగులో ఉండి తెరవలేదు, తరువాతా తెరవలేదు. ఇక అరవడానికి నాకెవరూ మిగల్లేదు.

వార్డులోకి తిరిగి వచ్చేసరికి బావ కూర్చుని ఉన్నాడు.

“బామ్మర్దీ, పదిహేనేండ్ల సంది ఈ జర్మనోళ్లతోనే డబ్బాలు మోస్తున్న. నాకు నోరు లేదనుకున్నవా? నా పానం గురించి నువ్వు, మీ అక్క గుసగుస పెట్టుకునుడేంది? నన్ను ఒక్క మాట అడిగిన్రా?”

నీ మంచికే బావా, అన్నాను.

“నా మంచి నాకు చెప్పి చెయ్యి.”

పది రోజుల తరువాత ఒక బుధవారం కింది అంతస్తు డాక్టరు దగ్గర ఆయనకు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరికింది. తలుపు దగ్గర నా చేతిలోని ఫైలు తీసుకుని, మమ్మల్ని బయట కూర్చోమన్నాడు. లోపలి నుంచి ఆయన మాటలు వినిపిస్తున్నాయి. ప్రతి వాక్యంలో ఒక తప్పు. “పోయి సరిజెయ్యరాదురా,” అంది అక్క. సగం లేచాను. మళ్లీ కూర్చున్నాను.

చాలాసేపటికి ఆయన బయటికి వచ్చాడు. అతిమధురం వద్దట, నోటి పుండ్లకు వేరే మందు రాశారట, ఏం తినాలో చెప్పడానికి ఒకామె ఫోన్ చేస్తుందట. పొటాషియం నిలబడితే సోమవారం నాలుగో కీమో, పూర్తి మోతాదే.

సోమవారం సెలవు పెడతానన్నాను.

“రావాలనిపిస్తే రా,” అన్నాడు బావ. “వచ్చి ఊకె కూసో.”