శుక్రవారం టికెట్టు, దశరథం మాట

దశరథాన్ని మొదటిసారి దుబాయికి పంపిన ఏజెంటు కంపెనీ వీసా అని చెప్పి అతని చేతిలో పెట్టింది విజిట్ వీసా. ఆ సంగతి దశరథానికి వెళ్లిన మూడో నెలలో, పోలీసులు పట్టుకున్నాక తెలిసింది. పద్దెనిమిది రోజులు జైల్లో ఉంచి, కట్టుబట్టలతో ఇంటికి పంపించారు. వచ్చిన మర్నాడే అతను వెళ్లి ఏజెంటు ఇంటి ముందు నిలబడ్డాడు. ఆ మనిషి అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతూ, "నాకు పైనోళ్లు చెప్పింది నీకు చెప్పిన. అండ్ల నా తప్పేమున్నది?" అన్నాడట. చాయ్ పూర్తయ్యేదాకా కూడా దశరథాన్ని కూర్చోమనలేదట.

ఆ తర్వాత దశరథం సరైన వీసా మీద మస్కట్ వెళ్లి పదకొండేళ్లు పనిచేశాడు. అక్కడి క్యాంపులో వంటవాడి దగ్గర అరబ్బీ అక్షరాలు నేర్చుకున్నాడు. ఖురాన్ చదవడానికి కాదు, కవిత్వానికీ కాదు. వీసా కాగితంలో ఏ పని అని రాశారో, ఎన్ని రోజులని రాశారో చదవడానికి. తిరిగొచ్చి కరీంనగర్‌లో పాస్‌పోర్టు ఆఫీసుకు పోయే దారిలో గొడుగు కింద ఒక టేబులు వేసుకున్నాడు. ఫారాలు నింపుతాడు. అది బతుకుదెరువు. వీసాలు చదివి పెడతాడు. దానికి మాత్రం పైసా తీసుకోడు.

ఏటా ఎందరో ఊళ్ల నుంచి బస్సు దిగి నేరుగా అతని దగ్గరికి వచ్చేవారు. అతను కళ్లద్దాలు పైకి నెట్టి, కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, వేలు కింద ఒక్కో ముక్కా కదిపేవాడు. "గొర్లు గాశే వీసా ఇది. నిన్ను డ్రైవరన్నడా? పో, పోయి వాని గల్ల వట్టు" అనేవాడు. అతని మాట విని ఆగిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంట్లో వీసా కాగితం కనిపిస్తే ఆడవాళ్లు మొదట అడిగే మాట ఒకటే: "దశరథం జూసిండా?"

ఆ టేబులుకు నాలుగడుగుల దూరంలో జిరాక్సు సెంటర్లో నేను పనిచేసేవాణ్ణి. ఎదురుగా అద్దాల తలుపుల కన్సల్టెన్సీలు వరసగా ఉండేవి. ఒక్కోదానికి ఒక్కో దేశం జెండా. వాళ్లు పంపిన పిల్లల్లో నవ్వుతున్న ముఖాలే ఫ్లెక్సీల మీదికి ఎక్కేవి. వెనక్కి వచ్చినవాళ్ల ఫొటోలు ఎవరి దగ్గరా ఉండవు. నేను దశరథాన్ని గౌరవించడానికి సగం కారణం ఆ ఫ్లెక్సీలే.

దాదాపు రెండేళ్ల కిందట, జనవరి మొదటి వారంలో హుజూరాబాద్ దగ్గర ఊరి నుంచి కొమురవ్వ వచ్చింది. ఆమె భర్త వెంకటి మస్కట్‌లో దశరథం గదిలోనే ఉండేవాడు. ఇంకా అక్కడే ఉన్నాడు. వాళ్ల బిడ్డ వందన ఇంగ్లండులో కొవెంట్రీలో ఎమ్మెస్సీ చదివి పాసయింది. స్టూడెంట్ వీసా జనవరి ఇరవై ఎనిమిదిన అయిపోతుంది. చదువు పూర్తిచేసినవాళ్లు అక్కడ రెండేళ్లు ఏ పనైనా చేసుకోవడానికి ఇంకో వీసా ఇస్తారు. దానికి దరఖాస్తు పెట్టుకోవాలి. ఇదంతా కొమురవ్వ తప్పు లేకుండా చెప్పింది. ఆమె ఫికరు వేరే. ఒగ్గు పూజారుల చేత మల్లన్న ముందు రంగుల ముగ్గు వేయించి చేసే పూజ, పట్నం, ఆమె మొక్కు.

"బిడ్డ సదువు అయినంక పట్నమేపిస్తనని మల్లన్నకు మొక్కుకున్న అన్నా. ఒగ్గోళ్లకు సుత చెప్పిన. పందొమ్మిదో తారీకు ఆయితారం. బిడ్డ లేకుంటె పట్నమెట్లయితది? అదేమో వస్తె ఏమన్న అయితదేమో అంటది. దాని దోస్తులల్ల ఒకలు పో అంటుండ్రట, ఒకలు వద్దంటుండ్రట."

దశరథం ఆలోచించలేదు. ఆలోచించాల్సిన అవసరం అతనికి కనిపించలేదు.

"మస్కట్‌ల కంపెనీ మారితె ఏం జేస్తుంటిమి? పాతది కాన్సిలు కొట్టిచ్చుకొని ఇంటికొస్తుంటిమి. కొత్త వీసా ఇంటికే వస్తుండె. దేశం ఏదైతేంది? కాగితం వేసి రమ్మను. రశీదు ఉంటె సాలు. నేను చెప్పిన్నని చెప్పు."

మా ప్రాంతంలో ఎవరైనా ఇదే చెప్పేవారు. నలభై ఏళ్లుగా ఇక్కడి ఇళ్లకు వీసాలు గల్ఫ్ నుంచే వచ్చాయి. అక్కడ ఒక వీసా ముగిసి ఇంకొకటి వచ్చేలోపు మనిషి ఉండాల్సిన భద్రమైన చోటు ఇల్లు. పరదేశంలో కాగితం చేతిలో లేకుండా గడపడమంటే జైలు గుర్తొస్తుంది. దశరథానికి మరీను. కొమురవ్వ ముఖం వెలిగిపోయింది. వందన పదిహేడో తారీకు శుక్రవారం సాయంత్రానికి టికెట్టు తీసింది. గురువారం దరఖాస్తు, శుక్రవారం విమానం.

ఆ వారం మంగళవారం మధ్యాహ్నం నేను ఊరికే ఫోనులో ఇంగ్లండు ప్రభుత్వం వీసా పేజీ తీశాను. దశరథం మాటలో తప్పు పట్టాలని కాదు. అనుమానం వస్తే చదవకుండా ఉండలేను, అంతే. దరఖాస్తు పెట్టేటప్పుడు ఆ దేశంలోనే ఉండాలని ఉంది. పెట్టాక నిర్ణయం వచ్చేదాకా ఆ దేశం దాటకూడదని ఉంది. దాటితే దరఖాస్తు పోతుందని కూడా ఉంది. టేబులు దగ్గరికి వెళ్లి చెప్పాను.

అప్పుడు అతని చుట్టూ ఐదారుగురున్నారు. దశరథం నవ్వాడు.

"నువ్వెన్నడన్న ఇమానం ఎక్కినవా కొడుకా?"

"లేదు కాకా."

"మరి! బస్సు పాసు గురించి అడిగితె నీ దగ్గరికే పంపుత."

అందరూ నవ్వారు. నేను వెనక్కి వచ్చేశాను. చెప్పకూడదు గానీ, నాకున్న మూర్ఖత్వం ఎలాంటిదంటే, ఆ క్షణంలో ఆ పిల్ల వచ్చి ఇరుక్కుంటే బాగుండుననిపించింది. ఇతని నవ్వు ఆగుతుందని.

సాయంత్రం షట్టర్ వేసేముందు దశరథం వచ్చాడు. గిరాకీ లేని సమయం చూసుకుని వచ్చాడని అర్థమైంది.

"గా పేజీ కాగితం మీద తియ్యి. అచ్చరాలు పెద్దగ రానియ్."

తీసిచ్చాను. బెంచీ మీద కూర్చుని అరబ్బీ చదివినట్టే వేలు పెట్టి చదివాడు. ఇంగ్లీషు అతనికి కూడబలుక్కుంటే వస్తుంది. ఒక మాట దగ్గర వేలు ఆగింది.

"విత్‌డ్రాన్. అంటె?"

"వేసిన అర్జీ నువ్వే వాపసు తీసుకున్నట్టు."

"నేను తీస్కోకున్నా?"

"దేశం దాటినవంటె తీస్కున్నట్టే."

"మళ్ల ఇక్కడికెల్లి వేస్తె?"

"ఇక్కడికెల్లి వేసుడు లేదు కాకా. ఆడనే ఉండాలె. ఇరవై ఎనిమిది దాటితె మళ్ల వేసుడే లేదు."

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "రేపు నువ్వు నా ఎంబడి రావాలె. సదివి చెప్పేందుకు" అన్నాడు. ఫోను చేస్తే సరిపోతుందన్నాను. "ఫోన్ల జెప్పే మాట కాదు" అన్నాడు.

బుధవారం మధ్యాహ్నానికి కొమురవ్వ ఇంటికి చేరాం. వాకిలి అలికి ఉంది. వెంకటి అన్న అంతయ్య మంచం మీద కూర్చుని ఒగ్గోళ్లకు ఏం పెట్టాలో లెక్కలు చెబుతున్నాడు. చుట్టాలు ఇద్దరు ముగ్గురు అప్పుడే దిగారు. దశరథం కూర్చోలేదు.

"కొమురవ్వా, బిడ్డను రావద్దను. నేను తప్పు జెప్పిన."

ఆమెకు అర్థం కాలేదు. నేను కాగితం చదివి తెలుగులో చెప్పాను. విని ఆమె నా వంక చూడలేదు, దశరథం వంకే చూసింది.

"మొన్న నేను చెప్పిన్నని చెప్పు అంటివి. నీ పేరు జెప్పి దాన్ని ఒప్పిచ్చిన. ఇయ్యాల రావద్దంటవా? నీ బిడ్డైతె గిట్లనే మాట మారుస్తుంటివా?"

"నా బిడ్డైనా గిట్లనే వస్తుంటి."

అంతయ్య పకపకా నవ్వాడు. "అన్ని దేశాలు తిరిగినోనివి, గీ ముక్క తెల్వదా దశరథం? మావోడు నిన్ను పెద్ద లాయరంటడు!"

"తెల్వదు బావా. తెల్సినట్టు చెప్పిన."

వందనకు వీడియో కలిపారు. అక్కడ ఉదయం ఎనిమిదయింది. వెనకాల మంచం మీద సూట్‌కేసు తెరిచి ఉంది. దశరథం ఫోను రెండు చేతులా పట్టుకుని, "బిడ్డా, సంచి ఇప్పు. దరఖాస్తు వెయ్యి, వీసా చేతికొచ్చేదాక కదలకు. నేను చెప్పింది తప్పు" అన్నాడు.

ఆ పిల్ల సూట్‌కేసు వైపు తిరిగి చూసింది.

"నాకు అనుమానమే ఉండె మామా. మా కాలేజీల అడిగితె చెప్తుండిరి. అడగలే."

"ఎందుకడగలే?"

"అడిగితె వద్దంటరు కదా" అంది, ఏడ్చింది. పదహారు నెలలయింది ఆమె తల్లిని చూసి. ఆ తప్పుడు సలహా తనకు కావలసిందే కాబట్టి దాన్ని నిజమనుకుంది. కొమురవ్వ ఫోను లాక్కుని లోపలికి వెళ్లిపోయింది. లోపలి నుంచి, "వద్దు బిడ్డా, రాకు" అన్న మాట బయటికి వినిపించింది. రెండేళ్ల పని ఒకవైపు, మొక్కు ఒకవైపు. ఆమె తేల్చుకున్నది ఆ గదిలోనే, ఎవరి సలహా లేకుండా.

ఒగ్గు పూజారిని పిలిపిస్తే ఆయన కోపగించుకోలేదు. పసుపు బట్టలో రూపాయి కట్టి ముడుపు పెట్టుకోమన్నాడు. బిడ్డ వచ్చిన ఏడాదే పట్నం వేద్దామన్నాడు. దశరథం ఆ ముడుపు కట్టేదాకా వాకిట్లో నిలబడే ఉన్నాడు. నాకు మంచినీళ్లిచ్చారు. అతనికివ్వలేదు.

ఫిబ్రవరి చివర్లో వందనకు రెండేళ్ల వీసా వచ్చింది. కొమురవ్వ దశరథానికి చెప్పలేదు. వందనే చెప్పింది.

ఈ కథ ఇక్కడ ఆగితే నాకు సంతోషంగా ఉండేది. కానీ ఆ వాకిట్లో దిగిన చుట్టాలు ఊళ్లకు తీసుకెళ్లింది ఒక పిల్ల బతుకు నిలబడ్డ సంగతి కాదు. దశరథం మాట మార్చిన సంగతి. ఎక్కడో దూరాన ఉన్న బోథ్ ఊరి దాకా పోయిందని ఆ తర్వాత విన్నాను. ఎండాకాలం వచ్చేసరికి గొడుగు కింద గుంపు లేదు. ఫారాలు నింపించుకునేవాళ్లే మిగిలారు. వీసాలు పట్టుకున్న తల్లిదండ్రులు అతని ముందు నుంచే నడుచుకుంటూ అద్దాల తలుపుల్లోకి వెళ్లేవారు. అక్కడ ఎవరూ ఎప్పుడూ తప్పు చెప్పరు. తప్పు చెప్పినా, చెప్పామని చెప్పరు. జనానికి కావలసింది తడబడని గొంతు. నిజం తర్వాతి సంగతి. ఇది నాకు చాలా పుస్తకాలు చదివాక కాదు, నాలుగడుగుల దూరంలో కూర్చుని తెలిసింది.

ఒకరోజు ఉండబట్టలేక అన్నాను. "నువ్వు ఎవ్వలకు చెప్పకుండ వందనకే మెల్లగ చెప్తె అయిపోతుండె కద కాకా."

"కొమురవ్వ వింటదా? ఆమెకు నా మాటే గదా కావల్సింది. ఆమె ముంగట వేసిన మాట ఆమె ముంగటనే తీయాలె" అన్నాడు. అందులో గొప్పేమీ లేనట్టే అన్నాడు.

తర్వాత నేను ఆ జిరాక్సు సెంటరు మానేశాను. మొన్న ఆ దారిన పోతూ ఆగాను. గొడుగు మారింది, టేబులు అదే. దశరథం ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఉన్నాడు. వందన ఏదో పొడుగాటి పేజీ పంపింది. రెండేళ్లు అయిపోవచ్చాయి. ఇక అక్కడ ఉండాలంటే ఏదైనా కంపెనీ తన పేరు మీద వీసా ఇప్పించాలి, జీతం ఫలానా హద్దు దాటి ఉండాలి. ఆమె ఇద్దరు ముగ్గుర్ని అడిగింది, ఇతన్నీ అడిగింది.

"ఏమంటవ్ కాకా? దొరుకుతదా?" అన్నాను.

దశరథం పక్కకు జరిగి, బెంచీ మీద చోటు చేశాడు.

"నాకు తెల్వదు కొడుకా. సగం దాక సదివిన. కూసో, మొదటికెల్లి నువ్వు సదువు, నేను వింట" అన్నాడు.